ఎలా వచ్చినదని అడగవలెనా?



సంఘ పెద్దలముగా ఉన్న మా యొద్దకు ఏటేటా తిరిగి వచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. హెచ్.ఐ.వి. సోకిన విశ్వాసి ఆ సంగతిని సంఘమునకు చెప్పవలెనా? చెప్పకపోతే అది కపటమా? తెలిసిన పెద్ద తెలియనట్లు ఊరకుంటే అతడు పాపమును దాచినవాడగునా? కూతురి పెండ్లి పెట్టుకొన్న తండ్రి ఈ ప్రశ్నను కోపముతో అడుగుతాడు. భర్తను పోగొట్టుకొని మందు కొరకు బళ్ళారి బస్సు ఎక్కే స్త్రీ కూడ ఇదే అడుగుతుంది. ఆమె నోరు తెరచి అడగదు. ఆరాధన అయిన తరువాత అందరూ వెళ్ళేవరకు చెప్పులు వెదకుకొనుచు గుమ్మము దగ్గర నిలబడుతుంది. అదే ఆమె అడిగే విధము.

మన వారిలో ఒక మాట తరచుగా వినబడుచున్నది. మందు ఇచ్చుట ప్రభుత్వము పని, పాపమును గూర్చి మాట్లాడుట సంఘము పని అని. వినుటకు చక్కగా పంచుకొన్నట్లే ఉన్నది. అయితే ప్రభుత్వము ఆ మందును ఏ నియమముతో ఇస్తున్నదో, ఆ నియమమునకు ఎట్లు వచ్చినదో కొంచెము చూస్తే, ఈ పంపకము అంత సులువుగా నిలువదని మాకు తోచుచున్నది. గనుక మొదట ఆ సంగతి చెప్పి, తరువాత మన సంగతికి వస్తాము.

ప్రభుత్వము కూడ మొదటినుండి దయగా మాట్లాడలేదు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె యొద్ద పరిశోధన చేయుచున్న డాక్టర్ సెల్లప్పన్ నిర్మల చేసిన రక్త పరీక్షలలో ఈ క్రిమి మన దేశములో ఉన్నదని తేలినది. ఆ తరువాత కొన్నేండ్లు భయమే రాజ్యమేలినది. గోవాలో అప్పటి ప్రజారోగ్య చట్టము క్రింద 1989లో డొమినిక్ డిసౌజా అనే యువకుని పట్టుకొనిపోయి, పాత క్షయ ఆసుపత్రి భవనములో 64 దినములు ఉంచినారు. అతడు చేసినదేమి? రక్తదానము చేసినాడు. ఆ రక్తమును పరీక్షిస్తే క్రిమి కనబడినది. తల్లి కోర్టుకు వెళ్ళిన తరువాత అతడు ఇల్లు చేరినాడు. 1992లో చనిపోయినాడు.

రోగిని పట్టి మూసిపెట్టితే రోగము ఆగునని అప్పటి అధికారులు నిజముగానే నమ్మినారు. వారు దుర్మార్గులని మేము అనుకొనము. కాని పరీక్షకు వెళ్తే బంధిస్తారని తెలిసినవాడు పరీక్షకు వెళ్ళడు. తనలో క్రిమి ఉన్నదని తెలియనివాడు భార్యను కాపాడలేడు, పుట్టబోవు బిడ్డను కాపాడలేడు. ఈ చిన్న లెక్క చట్టములోనికి ఎక్కుటకు మన దేశమునకు దాదాపు 30 ఏండ్లు పట్టినది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. మనిషి సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు. ఫలితమును ఇతరులకు చెప్పరాదు. ఉద్యోగములో, బడిలో, ఆసుపత్రిలో, అద్దె ఇంటి విషయములో వివక్ష చూపరాదు. ఇవి ఇప్పుడు శాసనములు.

ఈ మధ్యకాలములో పని నడిచిన తీరు కూడ మనవారు తెలిసికొనుట మంచిది, ఎందుకనగా గోడమీద బొమ్మ చూచినవారే గాని దాని వెనుక ఏమి జరిగినదో చూచినవారు తక్కువ. 1992లో ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడినది. దీనినే నాకో అంటారు. మొదటి దశకు ప్రపంచ బ్యాంకు 8 కోట్ల 40 లక్షల డాలర్ల ఋణము ఇచ్చినది. డబ్బు రాష్ట్ర ఖజానాలలో చిక్కుకొని పని ఆలస్యమగుచున్నదని గ్రహించి, రాష్ట్రమునకొక సొసైటీని రిజిస్టరు చేసి దానికే నేరుగా నిధులు పంపే పద్ధతి పెట్టినారు. 1994లో తమిళనాడు ముందు నడిచినది. కర్ణాటక సొసైటీ 1997లో వచ్చినది. 2007లో మొదలైన మూడవ దశలో, వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాలలో జిల్లా యూనిట్లు కూడ పెట్టినారు. ఢిల్లీనుండి రాష్ట్రమునకు, రాష్ట్రమునుండి జిల్లాకు, జిల్లాలో స్వచ్ఛంద సంస్థకు, ఆ సంస్థనుండి వీధిలో తిరిగే కార్యకర్తకు డబ్బు, లెక్క, మాట మూడూ దిగివస్తాయి. 2021 నుండి 2026 వరకు ఐదవ దశకు కేంద్రము పెట్టిన మొత్తము 15,471.94 కోట్ల రూపాయలు.

మందు సంగతి వేరే చెప్పవలెను. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ ఏడాదికి 350 డాలర్లకు ఈ మందులు ఇవ్వగలమని ప్రకటించినప్పుడు లోకమంతా ఆశ్చర్యపడినది. అంతకు ముందు ధనిక దేశములలో ఏడాదికి 10,000 డాలర్లు దాటేది. అయినను కూలివానికి 350 డాలర్లు కూడ ఎక్కడివి? 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వము ఉచితముగా ఎ.ఆర్.టి. మందు ఇచ్చుట మొదలుపెట్టినది. వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రములతో మొదలైన ఆ పనిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నవి. మొదట రక్తములో రక్షణ కణములు బాగా తగ్గినవారికే ఇచ్చేవారు. 2017 నుండి పరీక్షలో క్రిమి కనబడిన ప్రతివారికీ వెంటనే మొదలుపెట్టుచున్నారు. 2021 నాటి జాతీయ అంచనా ప్రకారము మన దేశములో 24 లక్షల మంది ఈ క్రిమితో జీవించుచున్నారు. అందులో ఆంధ్రప్రదేశ్‌లో 3 లక్షల 21 వేలు, కర్ణాటకలో 2 లక్షల 76 వేలు. మన సరిహద్దుకు ఇరుప్రక్కలా కలిపితే సుమారు 6 లక్షల మంది. ఇందులో మన సంఘముల బల్లలమీద కూర్చొనేవారు లేరని ఎవరైనా అనుకొంటే వారు లెక్కలు నేర్వలేదనుకోవలెను.

ఇంతకీ ఆ నియమమేమి? ఆసుపత్రిలో కౌన్సిలర్ తమ కార్డులో వ్రాసుకొనుటకు క్రిమి ఏ దారిన వచ్చియుండవచ్చునో అడుగుతారు. కాని జవాబు ఏదైనా మందు ఒక్కటే. వ్యభిచారము వలన వచ్చినా, సూది వలన వచ్చినా, తల్లినుండి వచ్చినా, చెప్పుటకు ఇష్టపడకపోయినా అదే సీసా, అవే మాత్రలు. మంచివానికి ముందు, చెడ్డవానికి వెనుక అను వరుస లేదు. పన్నులు కట్టిన ప్రజల సొమ్ముతో ఇచ్చే మందులో ప్రభుత్వము ఇట్లు చేయుచుండగా, కృపను గూర్చి ప్రతి ఆదివారము ప్రసంగించే మనము ప్రార్థన చేయకముందే కారణము అడుగుచున్నాము. దీనిని మనము ఆలోచించవలెను.

ప్రభుత్వము చెప్పిన మాటలన్నీ బాగున్నవని మేము అనము. తెలుగువారిలో పులిరాజాను మరచినవారెవరు? 2003 ప్రాంతములో ఊరూరా పెద్ద పెద్ద బోర్డులు వెలసినవి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని ఒకటే ప్రశ్న. ఎవరీ పులిరాజా అని టీ అంగళ్ళలో, బస్సులలో మాట్లాడుకొన్నారు. అంతవరకు ఇంటిలో పలుకని మాటను జనము నోటికి తెచ్చిన ఘనత ఆ ప్రచారమునకు దక్కవలెను. కాని మా దృష్టిలో దానికొక లోపమున్నది. ఆ బోర్డు చూచిన ప్రతివాడు పులిరాజా ఇంకొకడని అనుకొన్నాడు. ఊరిలో రాజా అను పేరుగలవారు ఎగతాళికి గురియైనారు. ఇంటిలో ఉన్న పులిరాజా భార్యను గూర్చి ఆ ప్రశ్న ఏమియు అడగలేదు.

మా మోక ప్రాంతములో ఇంకొక చిక్కు. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము. 1953లో బళ్ళారి జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు, మిగిలినవి మైసూరుకు పోయినవి. మన పెద్దమ్మ అటు, చిన్నమ్మ ఇటు. కరపత్రము కన్నడములో వస్తే చదివిన కుర్రవాడు తన అవ్వకు తెలుగులో చెప్పవలెను. ఏ కుర్రవాడు ఏ అవ్వకు ఆ సంగతి చెప్తాడు? బడిలో ఉపాధ్యాయుని నోట వినవలసిన పిల్లలకు కూడ ఆ అవకాశము చాలదు. కౌమార విద్య పాఠములు పిల్లలను చెడగొట్టునని 2007లో కర్ణాటకతో సహా కొన్ని రాష్ట్రములు వాటిని ఆపివేసినవి. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారముగా ఇది మాకు నచ్చలేదు. అప్పుడు ఆదివారపు బడియైనా ఆ ఖాళీని పూరించియుండవలసినది.

మనము వలసవారము గనుక ఇంకొక మాట కూడ వినవలెను. ప్రభుత్వ పత్రములలో లారీ డ్రైవర్లను, వలస కూలీలను కలిపి వంతెన జనాభా అని వ్రాస్తారు. వ్యాధి ఎక్కువగా ఉన్నచోటినుండి తక్కువగా ఉన్నచోటికి దాటుటకు వీరు వంతెన అని దాని అర్థము. ఆలూరు, ఆదోని ప్రక్కనుండి సుగ్గికి గుంటూరు మిర్చి కోతలకు, బెంగుళూరు కట్టడము పనులకు పోయే మన బిడ్డలు, తుంగభద్ర కాలువలు వచ్చినప్పుడు కోస్తానుండి వచ్చి క్యాంపులలో స్థిరపడిన మన కుటుంబములు, సండూరు గనుల ముమ్మరములో 2011లో సుప్రీంకోర్టు ఆపేవరకు ఇనుప ఖనిజము తోలిన మన డ్రైవర్లు, వీరందరూ ఆ మాట క్రిందికి వస్తారు. పేరు పెట్టనిదే నిధి మంజూరు కాదు, అది మాకు తెలియును. గుంపును గుర్తించినందువలననే రైల్వే స్టేషనులో, లారీ అడ్డాలో పరీక్షా శిబిరములు పెట్టగలిగినారు. మన జిల్లాలో బసివిగా విడువబడిన స్త్రీలు, 1982లో కర్ణాటక ఆ ఆచారమును చట్టముతో నిషేధించిన తరువాత కూడ బ్రతుకు దారి లేక మిగిలినవారు, తమ తోటివారికి తామే ఆరోగ్య కార్యకర్తలైనారు. ఇది గొప్ప సంగతి. అయినను ఒక మనిషి తన్నుగూర్చి తాను రోగము నడిచే వంతెనయని వినుట చిన్న గాయము కాదు. ప్రభుత్వమునకు గుంపులు కావలెను. సంఘమునకు గుంపు అవసరము లేదు, అతడు ఫలానివారి అబ్బాయి అంటే చాలును. ఈ ఒక్క విషయములో దేవుడు మనకు ప్రభుత్వముకంటె మంచి వసతి ఇచ్చినాడు. దానిని మనము వాడుకొనుట లేదు.

ఎట్లు వాడుకొనుట లేదో చెప్తాము. మోకనుండి బళ్ళారి సుమారు 20 కిలోమీటర్లు. అక్కడ జనము విమ్స్ అని పిలిచే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మందు దొరుకుతుంది. దూరము తగ్గించుటకు ప్రభుత్వము చిన్న ఆసుపత్రులలో లింకు కేంద్రములు కూడ పెట్టినది. అయినను దగ్గర కేంద్రమును విడిచి దూరము పోయేవారున్నారు. ఇటువారు కర్నూలు పోతారు, అటువారు బళ్ళారి వస్తారు. ఎందుకు? దగ్గర కేంద్రములో తెలిసిన మొగము కనబడుతుంది. తుంగభద్ర నీటిని పంచుకొనుటకు రెండు రాష్ట్రములకు 1953 నుండి ఒక బోర్డు ఉన్నది, నీరు సరిహద్దు దాటుటకు ఎవరికీ సిగ్గుపడదు. మనిషి మాత్రము తన మందు కార్డును ఒక రాష్ట్రమునుండి ఇంకొక రాష్ట్రమునకు మార్పించుకొనుటకు కాగితములు పట్టుకొని తిరగవలెను. ఆ బస్సు ఛార్జి, ఆ దినపు కూలి, ఆ ఎండ, ఇవన్నీ చెల్లించుచున్నది రోగియే. ఎవరి వలన చెల్లించుచున్నాడు? ప్రభుత్వము దూరమును తగ్గించినది. పొరుగువాని చూపు దానిని మరల పెంచినది. ఆ పొరుగువాడు చాలసార్లు మన సంఘ సభ్యుడే.

ఇప్పుడు రహస్యమునకు విరోధముగా చెప్పే మాటలను విందాము. వాటిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు.

సంఘము ఒక శరీరము, ఒక అవయవము బాధపడితే అన్ని అవయవములు బాధపడవలెను, తెలియనిదే ఎట్లు బాధపడుదుమని కొందరు అడుగుతారు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయము వారి ఆధారము. దీనికి మా జవాబు చిన్నది. కాలికి నొప్పియని తెలిస్తే చేయి దానిని పట్టుకొంటుంది. ముల్లు పేరు ఏమని చేయి అడగదు. ఒక సహోదరి ఆరోగ్యము బాగులేదని తెలిస్తే బియ్యము పంపుటకు, బిడ్డను బడికి తీసికొనిపోవుటకు ఇంకేమి తెలియవలెను?

ఒప్పుకోలు లేనిదే క్షమాపణ లేదు గదా అని మరికొందరు అంటారు. నిజమే. కాని ఒప్పుకొనుట ఎవరి యెదుట? యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు మొదట అడిగినది అతని కన్నులను గూర్చి కాదు. పాపము ఇతనిదా, తలిదండ్రులదా అని అడిగినారు. ప్రభువు ఆ ప్రశ్ననే ప్రక్కకు నెట్టి, నేల వైపు వంగి బురద చేసినాడు. మనము ఇంతవరకు శిష్యుల ప్రశ్నను పట్టుకొని ఉన్నాము. ఇంకను ఆలోచించండి. మన గ్రామములలో ఈ క్రిమితో ఉన్న స్త్రీలలో అనేకులకు అది పెండ్లి మంచముమీదనే వచ్చినది. విధవయైన స్త్రీని ఎలా వచ్చినదమ్మా అని అడిగితే, చనిపోయిన తన భర్తమీద సాక్ష్యము చెప్పమని అడిగినట్లే. ఆమె మౌనముగా ఉంటే పాపము ఆమెదని ఊహిస్తారు. నోరు తెరిస్తే అత్తవారు ఆమెను గడప దాటిస్తారు. ఎటు తిరిగినా ఆమెకే శిక్ష పడే ప్రశ్నను సంఘము అడుగరాదు.

మూడవ మాట బరువైనది. రహస్యము వలన నిర్దోషికి హాని కలిగితే ఏమి చేయవలెను? పెండ్లికూతురి తండ్రి కోపము ఇక్కడిదే. అతని కోపములో న్యాయము ఉన్నది. ఈ విషయమై దేశపు ఉన్నత న్యాయస్థానమే తడబడినది. పెండ్లి నిశ్చయమైన ఒక వైద్యునికి హెచ్.ఐ.వి. ఉన్నదని ఆసుపత్రి బయటపెట్టగా పెండ్లి చెడిపోయినది, అతడు ఊరు విడువవలసి వచ్చినది. అతడు వేసిన దావాలో 1998లో సుప్రీంకోర్టు ఆసుపత్రి చేసినది తప్పు కాదని, పెండ్లికూతురి ప్రాణమును కాపాడినదని తీర్పు చెప్పినది. అంతటితో ఆగక, ఇట్టివానికి వివాహ హక్కే నిలిచిపోవునన్నట్లు కూడ వ్రాసినది. 2002లో అదే కోర్టు, వివాహ హక్కును గూర్చిన ఆ మాటలు అవసరము లేకయే చెప్పబడినవని వాటిని ప్రక్కన పెట్టినది. 2017 చట్టము ఈ ముడిని జాగ్రత్తగా విప్పినది. సోకిన మనిషి తన భాగస్వామికి తానే చెప్పవలెనని కౌన్సిలర్ నచ్చజెప్పవలెను. చెప్పడని తేలితే, అపాయము నిజముగా ఉన్నదని తోస్తే, ముందుగా అతనికి తెలియజేసి, వైద్యుడు లేక కౌన్సిలర్ ఆ భాగస్వామికి స్వయముగా చెప్పవచ్చును. స్త్రీకి దెబ్బలు, విడనాడబడుట వంటి ప్రమాదము ఉన్నచోట ఆ సంగతి కూడ చూడవలెను.

గమనించండి. సత్యము ఎవరికి ఋణపడియున్నామో చట్టము చెప్పినది. మంచము పంచుకొనే మనిషికి. ఊరికి కాదు, అత్తవారి బంధువులకు కాదు, పరిచారకుల కమిటీకి కాదు. ఒకరికి చెప్పవలసిన సత్యమును నూరుగురికి చెప్పుట ఎక్కువ సత్యమగునని మన వారు అనుకొంటారు. అట్లు కాదు. ఆ ఒక్కరికి చెప్పుట ప్రేమ, మిగిలిన తొంబదితొమ్మిదిమందికి చెప్పుట కొండెము. మోషే ధర్మశాస్త్రములో కొండెములకు ఏ స్థానమున్నదో మీకు తెలియును.

కొన్ని సంఘములలో వివాహ ప్రకటనలు మూడు ఆదివారములు చదువుటకు ముందు ఇరుప్రక్కల రక్త పరీక్ష కాగితము తెమ్మని అడుగుచున్నారు. ఉద్దేశము మంచిదే. గోవా ప్రభుత్వము కూడ 2006లో ఇట్టి ఆలోచన చేసినది. అయినను ఈ పద్ధతిని మేము సమర్థించలేము. క్రిమి సోకిన కొత్తలో కొన్ని వారములు పరీక్షలో కనబడకపోవచ్చును, గనుక ఆ కాగితము ఇచ్చే నిశ్చయము అరకొర నిశ్చయము. రెండవది, ప్రకటనలు రెండు ఆదివారములు చదివి మూడవ ఆదివారము చదువకపోతే ఊరంతకూ అర్థమైపోవును. ఆ బిడ్డ ఇక తలయెత్తి తిరుగగలదా? మూడవది చాలమందికి తెలియదు. మందు క్రమముగా వాడి, రక్తములో క్రిమి కొలతకు అందనంతగా తగ్గిపోయినవారినుండి దాంపత్యములో అవతలివారికి అది సోకదని వైద్యశాస్త్రము నిర్ధారించినది. గర్భిణి మందు వాడితే బిడ్డకు సోకే అవకాశము నూటికి అయిదుకు లోపే. అంటే సంగతి తెలిసి, ఒప్పుకొని, వైద్యుని సలహాతో పెండ్లి చేసికొని ఆరోగ్యమైన బిడ్డలను కనే దంపతులు ఉండవచ్చును, ఉన్నారు కూడ. కాగితము గుమ్మములోనే వారిని ఆపివేస్తుంది. దీనికి బదులు, పెండ్లికి ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, మీరిద్దరూ కలిసి వెళ్ళి పరీక్ష చేయించుకొని, ఒకరి ఫలితము ఒకరు చూచుకొనండి, మాకు చూపనక్కరలేదు అని పాస్టరుగారు చెప్తే చాలును. పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితము. సందేహములకు 1097 అను ఉచిత ఫోను ఉన్నది.

సహాయమునకు షరతు పెట్టకుండుట మన బాప్తిస్టులకు కొత్త సంగతి కాదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో మద్రాసు రాజధానిలో అతి ఘోరముగా దెబ్బతిన్న జిల్లాలలో మన బళ్ళారి ఒకటి. ఆ కరవులో ఒంగోలులో క్లౌ దొరగారు ప్రభుత్వమునుండి బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి ఇచ్చినారు. ప్రభుత్వ సొమ్ము, మిషను చేతులు. కూలి ఇచ్చేటప్పుడు నీవు ఏ దేవుని మ్రొక్కుదువని అడగలేదు. అంతేకాదు, బాప్తిస్మమిమ్మని జనము అడుగుచున్నను కరవు పని ముగిసేవరకు ఆయన ఇవ్వలేదు. అన్నము కొరకు వచ్చినవాడెవడో, ప్రభువు కొరకు వచ్చినవాడెవడో కలిసిపోరాదని. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆ సంఖ్యను మనము ప్రతి జూబిలీలో చెప్పుకొంటాము. దాని ముందు ఆయన వేచియున్న నెలలను గూర్చి అంతగా చెప్పుకొనము. కూలిని విశ్వాసముతో ముడిపెట్టని ఆ మనిషి, మందును ఒప్పుకోలుతో ముడిపెట్టునా?

ప్రభుత్వమే అంతా చేయుననుకొనుట కూడ పొరపాటు. ప్రభుత్వ సొమ్ముకు దశలుంటాయి. గేట్స్ ఫౌండేషను 2003లో మొదలుపెట్టి కర్ణాటక, ఆంధ్రలతో సహా ఆరు రాష్ట్రములలో నడిపిన ఆవాహన్ కార్యక్రమము, తరువాతి దశాబ్దము తొలి ఏండ్లకు ప్రభుత్వము చేతికి మారినది. రోగులను చేర్చుకొని ఉంచే సంరక్షణ కేంద్రములను చాలచోట్ల క్రైస్తవ సంస్థలే నడిపేవి. 2013 ప్రాంతములో నిధుల పద్ధతి మారి, పడకలు పోయి సలహా కేంద్రములు మిగిలినవి. 2022 జూలైలో మందులు చాలుట లేదని రోగులు ఢిల్లీలో నాకో కార్యాలయము ముందు వారముల తరబడి కూర్చొన్నారు. దశ ముగిసినను రోగి ముగియడు. అతడు మాత్ర వేసికొనవలసినది ప్రతి దినమును.

ఇక మా ప్రాంతపు సంఘములలో తేలని ఒక చిన్న సంగతి మీ ముందు పెట్టుచున్నాము. రోగుల సహాయ నిధినుండి ఎవరికి ఎంత ఇచ్చినామో సాంవత్సరిక సభలో పేరుపేరున చదివి వినిపించుట మన ఆచారము. లెక్కలలో దాపరికము ఉండరాదని మన పెద్దలు పెట్టిన మంచి ఆచారమది. అయితే నెలకొకసారి, లేక స్థిరముగా ఉన్నవారికి మూడు నెలలకొకసారి ఆసుపత్రికి పోయే సహోదరి పేరు ఆ పట్టీలో మూడుసార్లు వినబడితే సభలో తలలు తిరుగుతాయి. ఆ భయమున అడగక మానుకొన్నవారున్నారు. 2023 జూన్ నుండి కర్ణాటకలో స్త్రీలకు ప్రభుత్వ బస్సు ఉచితమే, కాని ఆ దినపు కూలి పోవుచున్నది, ఆంధ్ర చిరునామాతో ఆధార్ ఉన్నవారికి ఆ బస్సు కూడ ఉచితము కాదు. కోశాధికారులు పేరు లేని వోచరు చెల్లదంటారు. వారి మాటలోను న్యాయమున్నది, పేరు లేని చోట డబ్బు మాయమగుట మనము చూడనిది కాదు. మా ఆలోచన ఇది. పట్టీలో వైద్య ప్రయాణ సహాయము అని మొత్తము మాత్రము వ్రాయవలెను. పేర్లుగల చిన్న పుస్తకము పాస్టరుగారి యొద్దను, స్త్రీల సమాజములో నమ్మకమైన ఒక సహోదరి యొద్దను ఉండవలెను. లెక్కలు తనిఖీ చేయు పెద్ద, బయటి సంఘమునుండి వచ్చినవాడై, ఆ పుస్తకమును ఒకసారి చూచి సంతకము చేసి తిరిగి ఇవ్వవలెను. అన్ని రోగములకు ఇదే పద్ధతి పెట్టవలెను, ఒక్క రోగమునకు మాత్రము పెడితే ఆ పుస్తకమే చాటింపు వేయును. గుండె జబ్బుకు, కిడ్నీ జబ్బుకు పోయేవారి పేర్లు కూడ చదువుట మానివేయుటకు మీ సంఘములు ఒప్పుకొనునా, కోశాధికారులు ఏమనుచున్నారో, తదుపరి సంచికలోగా వ్రాసి పంపగోరుచున్నాము.